వెర్మిలియన్ చెరువు గట్టున వారం రోజులు

"ఈసారి అందరం క్యాబిన్‌కి వెళ్దాం నాన్నా" అన్నాను. ఆయన ఆఫీసులో అద్దాల గది అనుకున్నారు. "సెలవుల్లో క్యాబిన్ ఏమిటమ్మా?" అని అడిగారు. అడవిలో, సరస్సు ఒడ్డున ఉండే చిన్న ఇంటిని ఇక్కడ అలా అంటారని చెప్తే, "చెరువు గట్టు మీద ఇల్లా? దానికి నరసాపురం నుంచి ఇంత దూరం రావాలా?" అని నవ్వారు. ఆ వారమంతా ఆయన దాన్ని చెరువు అనే అన్నారు. అది దాదాపు నలభై వేల ఎకరాల చెరువు.

అమెరికా ఉత్తరాన ఉన్న మా మిన్నెసోటాలో వేసవి వచ్చిందంటే శుక్రవారం మధ్యాహ్నం నుంచే కార్లన్నీ పడవల్ని లాక్కుంటూ ఉత్తరానికి తిరుగుతాయి. పది ఎకరాలు, ఆ పైన ఉన్న సరస్సులే ఈ రాష్ట్రంలో 11,842 ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలన్నదే తలనొప్పి. మేం మినియాపొలిస్ శివారు మేపుల్ గ్రోవ్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నా, ఇంతకు ముందు రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ సగం సంతోషంతోనే తిరిగొచ్చాం.

మొదటిసారి డులూత్ అనే రేవు పట్నంలో, కెనాల్ పార్క్ దగ్గర హోటల్. ఓడ వచ్చినప్పుడల్లా లిఫ్ట్ బ్రిడ్జి మొత్తం పైకి లేవడం పిల్లలు ఎన్నిసార్లు చూసినా తనివి తీరలేదు. కానీ ఎదురుగా ఉన్నది సుపీరియర్ సరస్సు. విస్తీర్ణంలో ప్రపంచంలోకెల్లా పెద్ద మంచినీటి సరస్సు, జులైలో కూడా చీలమండలు మునిగితే చాలు ఎముకలు లాగేస్తాయి. చూడ్డానికే తప్ప దిగడానికి కాదు. మూడు పూటలా బయట తిండి, రెండు గదులు, పార్కింగ్. రెండు రోజులకి చాలు, అంతకు మించి వద్దు.

రెండోసారి ఆన్‌లైన్‌లో ఒక ఇల్లు తీసుకున్నాం. ఫొటోల్లో నీళ్లు అద్దంలా ఉన్నాయి. జులై చివర మేం వెళ్లేసరికి ఒడ్డంతా పచ్చటి నాచు. ఫొటోలు మే నెలలో తీసినవట! అప్పటినుంచి ఎక్కడ బుక్ చేసినా ముందు రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. ఫొటో ఏ నెలది? ఒడ్డు దగ్గర అడుగున ఇసుకా, బురదా? రెండో దానికి సూటిగా జవాబు రాకపోతే బురదే అని అర్థం.

ఈసారి అందుకే ఒక కుటుంబం నడిపే చిన్న రిసార్టు ఎంచుకున్నాం. పది పన్నెండు క్యాబిన్లు, మధ్యలో ఒక ఆఫీసు, అంతే. వేసవిలో శనివారం నుంచి శనివారం దాకా వారం లెక్కనే ఇస్తారు. రెండు పడగ్గదులు, పైన ఒక అటక. మా నలుగురం, అమ్మానాన్నా కలిపి ఆరుగురికి పన్నులతో దాదాపు 1,900 డాలర్లయింది. తలా రోజుకి లెక్కేస్తే డులూత్ హోటల్ కంటే చవకే, పైగా వంట మనదే.

దారి ఐ-35 హైవే మీద ఉత్తరానికి, క్లోకే దగ్గర 33వ నంబరు రోడ్డు, ఆ తర్వాత 53. క్లోకేలో పెట్రోలు కోసం ఆగితే రోడ్డు పక్కనే పేరుమోసిన ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ డిజైన్ చేసిన పెట్రోలు బంకు ఉంటుంది, 1958 నాటిది. మా ఆయన సివిల్ ఇంజినీరు. అక్కడ ఇరవై నిమిషాలు పోయాయి. వర్జీనియా అనే ఊరి దగ్గర నీళ్లు నిండిన పాత ఇనుప గని మీదుగా ఎత్తైన వంతెన వస్తుంది. కింద ఖనిజం ఉందని పాత రోడ్డును తప్పించి, 2017లో దీన్ని తెరిచారు. గని కోసం హైవేనే జరిపారంటే నాన్న నమ్మలేదు. "మా ఊళ్లో గుడి ఉంటే రోడ్డు జరుపుతారు" అన్నారు. వర్జీనియాలోనే పాలు, పెరుగు, కూరగాయలు కొనేయండి. ఆ తర్వాత చిన్న కొట్లే. కరివేపాకు, చింతపండు, సోనామసూరి ఇంటి నుంచే తెచ్చుకోవాలి.

ఇక క్యాబిన్ సంగతి. లోపల అంతా పైన్ చెక్క. చెక్క వాసన, తడి తువ్వాళ్ల వాసన, కాఫీ వాసన కలిసి మూడో రోజుకి అది మన ఇల్లే అనిపిస్తుంది. పరుపులు మాత్రం మధ్యలో కుంగిపోయాయి, అమ్మ రెండో రాత్రి నుంచి బొంత వేసుకుని కింద పడుకుంది. దుప్పట్లు, తువ్వాళ్లు మనమే తెచ్చుకోవాలి. ఇది బుకింగ్ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది, నేను చదివాను కాబట్టి బతికిపోయాం. బోరు నీళ్లలో ఇనుము ఎక్కువ. టీ పెడితే నల్లగా సిరాలా వచ్చింది. అమ్మ తన పొడినే అనుమానించి రెండుసార్లు పారబోసింది. మూడోసారి సీసా నీళ్లతో పెడితే మామూలు టీ వచ్చింది.

మొదటి రోజు సాయంత్రం పప్పుకి తాలింపు పెట్టగానే పొగ అలారం మోగింది. కిటికీలు తెరిచి, తువ్వాలు ఊపి ఆపితే, వడియాలు వేయించగానే మళ్లీ. ఈ ఇళ్లల్లో పొయ్యి మీద పొగ బయటికి లాగే ఫ్యాన్ ఉండదు, ఉన్నా పేరుకే. రిసార్టు ఆవిడ వచ్చి కోప్పడుతుందేమో అనుకున్నాం. ఆవిడ వచ్చి ఒక చిన్న గ్యాస్ పొయ్యి ఇచ్చి, బయట బల్ల మీద పెట్టుకోమంది. అప్పటినుంచి తాలింపు పైన్ చెట్ల కింద. పక్క క్యాబిన్ వాళ్లు వాసనకి వచ్చి నిలబడితే అమ్మ వాళ్లకి పులిహోర పెట్టింది. తెల్లారి వాళ్లు బ్లూబెర్రీ పండ్లు పెట్టి కాల్చిన "పై" అనే తీపి వంటకం తెచ్చారు.

సేవల గురించి చెప్పాలంటే అసలు తేడా అక్కడే. హోటల్లో కౌంటరు దగ్గర ఎవరో ఒకరుంటారు. ఇక్కడ రిసార్టు నడిపే దంపతులిద్దరే. పడవ ఇంజను ఆగిపోతే ఆయనే వస్తాడు, మురుగు గొట్టం మూసుకుపోతే ఆయనే వస్తాడు. పాంటూన్ అనే బల్లపరుపు పడవ అద్దె రోజుకి రెండు వందల యాభై దాకా అయింది. ఇచ్చే ముందు అరగంట పక్కన కూర్చుని నేర్పాడు, ఎక్కడ బండరాళ్లున్నాయో మ్యాపు మీద గీసిచ్చాడు. పదేళ్లలోపు పిల్లలు నడుస్తున్న పడవలో లైఫ్ జాకెట్ వేసుకోవాలన్నది ఇక్కడి చట్టం. మా ఆరేళ్లదాని సైజు వెతికి తొడిగేదాకా తాళం ఇవ్వలేదు. వైఫై మాత్రం ఆఫీసు మెట్ల మీదే. మీలో ఎవరైనా అక్కడినుంచి పని చేద్దామనుకుంటే మానుకోండి. మా ఆయన సోమవారం ఒక్క మీటింగు కోసం ఆ మెట్ల మీద దోమల మధ్య గంట కూర్చుని, మంగళవారానికి సెలవు పెట్టేశారు.

సరస్సు పేరు వెర్మిలియన్. అంటే సిందూరం. సాయంత్రం ఎండకి నీళ్లు ఎర్రబడే సరస్సు అని అర్థం వచ్చేలా ఇక్కడి ఆదివాసులైన ఒజిబ్వే ప్రజలు పిలుచుకున్న పేరును ఫ్రెంచి వర్తకులు అలా మార్చారని చెప్తారు. జులై మొదట్లో అక్కడ తొమ్మిది దాటాకే పొద్దు గుంకుతుంది. ఆ అరగంట నీళ్ల రంగు చూసి అమ్మ "పేరు పెట్టినవాళ్లెవరో గానీ..." అని ఊరుకుంది. రోజూ ఆ వేళకి దీపం పెట్టుకుని వచ్చి చెక్క రేవు చివర కూర్చునేది.

మొదటి రాత్రి మాత్రం భయపడింది. పన్నెండింటికి లేపి, "ఎవరో ఆడమనిషి ఏడుస్తోందే" అంది. అది లూన్ అనే నీటి పక్షి, ఈ రాష్ట్ర పక్షి. ఒకటి అరిస్తే అవతలి గట్టు నుంచి ఇంకొకటి జవాబిస్తుంది. మూడో రాత్రికి అమ్మే ఎదురుచూడటం మొదలుపెట్టింది.

పిల్లలు వారంలో సగం నీళ్లలోనే ఉన్నారు. ఒడ్డు దగ్గర ఇసుక, నడుము లోతు దాకా మెల్లగా దిగుతుంది. ఒకసారి పెద్దవాడి కాలికి జలగ పట్టింది. వాడు ఏడుస్తుంటే తాతయ్య ఉప్పు అద్ది తీసేసి, "మా కాలవల్లో ఇలాంటివి రోజుకి నాలుగు" అన్నారు. దాంతో వాడికి అది గొప్ప విషయమైపోయింది.

చేపలు పట్టడానికి పదహారేళ్లు నిండినవాళ్లకి లైసెన్సు తప్పదు. నాన్నకి బయటివాళ్లకిచ్చే మూడు రోజుల లైసెన్సు తీసుకున్నాం. ఎన్ని పట్టొచ్చు, ఏ సైజువి వదిలేయాలి అన్నది సరస్సును బట్టి మారుతుంది, చూసుకోండి. రెండు రోజులు ఏమీ పడలేదు. లుంగీ కట్టుకుని, గాలం పట్టుకుని, పొద్దున్నే ఐదింటికి రేవు మీద ఆయన. మూడో రోజు మూడు వాలై చేపలు. శుభ్రం చేసుకోవడానికి వేరే చిన్న గది ఉంది, బల్ల, పంపు, కత్తులు అన్నీ పెట్టారు, దోమతెర కూడా. వేపుడు అద్భుతం. పులుసు మాత్రం ముక్క విడిపోయింది. "చేప మంచిదే, పులుసుకి పనికిరాదు" అని నాన్న తీర్పు.

చుట్టుపక్కల చూడదగ్గవాటిలో సౌడాన్ గని ఒక్కటి వదలకండి. 1882లో మొదలై 1962లో మూతపడిన ఇనుప గని, ఇప్పుడు స్టేట్ పార్కు. ఇనుప బోనులాంటి లిఫ్టులో చీకట్లో 2,341 అడుగులు కిందికి దింపుతారు. బయట ఎండలు మండుతున్నా లోపల ఎప్పుడూ పది పదకొండు డిగ్రీలే, స్వెటర్లు కావాలి. కిందికి దింపే టూర్లు కొన్నిసార్లు మరమ్మతుల కోసం ఆపుతారు, వెళ్లేముందు కనుక్కోండి. ఈలీ పట్నంలో తోడేళ్ల కేంద్రం పిల్లలకి నచ్చింది, నాకు పర్వాలేదు. ఆ రోజు మధ్యాహ్నం తోడేళ్లన్నీ నిద్రపోతున్నాయి.

దోమల గురించి దాచను. సాయంత్రం ఎనిమిదైతే దండు దిగుతుంది. క్యాబిన్‌కి జాలీ వేసిన వరండా ఉందో లేదో బుక్ చేసే ముందే అడగండి, లేకపోతే తీసుకోవద్దు. అడవిలో తిరిగొచ్చాక పిల్లల ఒళ్లంతా పేలలాంటి టిక్‌ల కోసం వెతకాలి. మాకు రెండు దొరికాయి. ఆగస్టు చివరికి ఈ బాధ తగ్గుతుంది, కానీ నీళ్లూ చల్లబడతాయి, మా బడులు కూడా తెరిచే వేళవుతుంది.

తిరుగు ప్రయాణంలో ఈలీ నుంచి ఒకటో నంబరు రోడ్డు మీద తూర్పుకి వచ్చి సుపీరియర్ గట్టున దిగాం. మెలికల రోడ్డు, ఇద్దరు పిల్లలకీ వాంతులు. స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్, గూస్‌బెర్రీ జలపాతం చూశాం. రెండూ బాగున్నాయి, రెండింటి దగ్గరా జనం. గూస్‌బెర్రీ దగ్గర నాన్న సుపీరియర్‌లో కాళ్లు పెట్టి వెంటనే తీసేశారు. "ఇది చెరువు కాదు, ఫ్రిజ్" అన్నారు.

వచ్చే ఏడాది అదే వారం మాకే కావాలంటే ఖాళీ చేసేలోపే చెప్పాలి, పాతవాళ్లకే మొదటి అవకాశం. అడ్వాన్సు కట్టేసి వచ్చాం. జనవరిలో రిసార్టు ఆయన ఫొటో పంపితే నాన్నకి వాట్సాప్ చేశాను. సరస్సంతా తెల్లటి మంచు, దాని మధ్యలో ఒక పికప్ ట్రక్కు ఆగి ఉంది. ఐదు నిమిషాల్లో ఫోన్.

"చెరువు మీద లారీ ఏంటమ్మా?"

గడ్డకట్టింది నాన్నా, దాని మీద గుడిసె వేసుకుని మంచుకి కన్నం పెట్టి చేపలు పడతారు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ఫొటో పెద్దది చేసి చూస్తున్నట్టున్నారు.

"మరి మన రేవు ఏదీ?"

మంచు నలిపేస్తుందని చలికాలం ముందే ఒడ్డుకి లాగేస్తారు, మళ్లీ మేలో వేస్తారు అని చెప్పాను. "గాలం జాగ్రత్తగా పెట్టావా?" అని అడిగి ఫోన్ అమ్మకిచ్చారు.