అటక సామానుకు కొన్న 50 లీటర్ల ప్లాస్టిక్ పెట్టె

ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో కొన్న ఈ మూతపెట్టె పారదర్శకమైన పాలీప్రొపిలీన్‌తో చేసినది. అడుగున త్రికోణంలో ఆ ప్లాస్టిక్ రకానికి గుర్తుగా 5 అంకె ఉంటుంది. మా అమ్మాయి చదువుకని భువనేశ్వర్ వెళ్ళాక అటక మీద మిగిలిన సామాను సర్దడానికి దీనిని తీసుకున్నాము.

ముందుగా చేరినవి నోటుపుస్తకాలు. ఒక దానిలో మొదటి పేజీ నుండి బడిలో నేర్చిన ఒడియా అక్షరాలు, చివరి పేజీ నుండి తాతగారు దిద్దించిన తెలుగు గుణింతాలు బయలుదేరి నడుమ కలుసుకున్నాయి. అక్కడ తెలుగు 'క'కు తలకట్టు బదులు ఒడియా అక్షరాల గుండ్రని టోపీయే తొడిగింది. తరువాత ఈ ఊరి పనివారు కొమ్ముతో చెక్కిన కొంగ, దాని ముక్కు కొసన పాలపళ్ళ గాట్లు. పారవేసే కుప్పలో నేను వేసిన ఆ కొంగను మా ఆవిడ మారుమాట లేకుండా పెట్టెలో పెట్టింది.

పక్క గొళ్ళాలు గట్టివే కాని, మూత అంచున రబ్బరు పట్టీ లేనందున వానాకాలంలో చెమ్మ చేరి కాగితాలు ముక్కవాసన పట్టాయి. చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు తప్పనిసరి. కొమ్మును పురుగు తింటుంది. నాఫ్తలీన్ ఉండలు కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తాయి కనుక కొంగను ఎండిన వేపాకుతో చుట్టాము. పుస్తకాల బరువుకు అడుగు వంగి చక్రాలు తిరగడం మానేశాయి. అమ్మేవారు ఈ మాట ముందే చెప్పవలసింది.

బట్టలకు, బొమ్మలకు నిస్సందేహంగా కొనవచ్చు. పుస్తకాలకైతే రబ్బరు పట్టీ ఉన్న చిన్న పెట్టెలే మేలు.