ముడుమాల్ నిలువురాళ్ళు: ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ దిగాలి, ఏ రాయి వెనక నిలబడాలి

ముడుమాల్‌కు మధ్యాహ్నం వెళ్ళొస్తే చూసింది ఉత్త రాళ్ళనే అవుతుంది. నారాయణపేట జిల్లాలో, కృష్ణ ఒడ్డున, దాదాపు 80 ఎకరాల్లో ప్రాచీన మానవులు పాతిన 10 నుంచి 14 అడుగుల నిలువురాళ్ళు 80 దాకా, చిన్నవి 3,000 వరకూ ఉన్నాయి. కొన్ని వరుసలు అయనాంతాల్లో (జూన్ 21, డిసెంబర్ 21 ప్రాంతం), విషువత్తుల్లో (పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబర్ రోజులు) సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులకు సరిపోతున్నాయని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె.పి. రావు అధ్యయనం చెబుతోంది. అది స్వయంగా సరిచూడాలంటే పొద్దు పొడవకముందే అక్కడుండాలి.

కాబట్టి బసకు రాయచూరే నయం. హైదరాబాద్ నుంచైతే రాత్రివేళ గంటల తరబడి ప్రయాణం. దగ్గరి పట్టణం మక్తల్లో లాడ్జీలు తక్కువ. కృష్ణా స్టేషన్ మరీ దగ్గరే గానీ చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఆగవు, చీకట్లో ఆటో దొరుకుతుందన్న నమ్మకమూ పెట్టుకోవద్దు. రాయచూరులో ముందురోజే కారు మాట్లాడుకుని 5 గంటలకల్లా కదలండి.

నెల డిసెంబరే. జూన్ అయనాంతానికి మబ్బులు అడ్డం పడతాయి. డిసెంబర్ 21న సూర్యోదయం 6.40 ప్రాంతంలో, తూర్పు నుంచి దక్షిణానికి 24.5 డిగ్రీల దగ్గర. వారం అటూ ఇటూ అయినా పావు డిగ్రీ తేడా రాదు, సెలవులు చూసుకుని వెళ్ళొచ్చు. మార్చిలో ఆ వెసులుబాటు లేదు, సూర్యుడు రోజుకు 0.4 డిగ్రీలు జరిగిపోతాడు.

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే: పక్కపక్క రాళ్ళ సందులో సూర్యుడు కనబడగానే ఫొటో తీసి ‘కుదిరింది’ అనుకుంటారు. మీటరు వెడల్పు రాయి 20 మీటర్ల దూరం నుంచి 3 డిగ్రీలు కప్పేస్తుంది, అంటే మార్చిలో సూర్యుడు వారం రోజుల్లో జరిగేంత. అదే రాయి 100 మీటర్ల నుంచి 0.6 డిగ్రీలే, దాదాపు సూర్యబింబమంత. కాబట్టి వరుసలో ఈ చివరి రాయి వెనక నిలబడి ఆ చివరి రాయిని గురిపెట్టండి. ఫోన్ దిక్సూచిని కారుకు, పవర్‌బ్యాంకుకు దూరంగా పట్టుకోండి, లేకపోతే ముల్లు తప్పుతుంది.

ఊరివాళ్ళకు ఇవి నిలురాళ్ళ తిమ్మప్ప. ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. దానికి ఆనుకోకండి, చెప్పులతో దగ్గరికి పోకండి.

సప్తర్షి మండలం చెక్కిన రాయిని మాత్రం సాయంత్రానికి ఉంచుకోండి. దానిమీద సుమారు 30 చిన్న గుంటలుంటాయి. నడినెత్తిన ఎండ ఉంటే అన్నీ ఒకే రంగులో కలిసిపోతాయి. 5 దాటాక వెలుతురు ఏటవాలుగా పడి ఒక్కో గుంటలో ఒక పక్క నీడ నిలుస్తుంది, అప్పుడు వాటిలో సప్తర్షుల ఏడు చుక్కలూ వేలితో లెక్కపెట్టొచ్చు.