ఒలింపిక్స్, ఏషియాడ్, కామన్వెల్త్: మన క్రీడల అసలు స్థాయి తెలియాలంటే ఏది చూడాలి?

2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఏషియాడ్ ముగిసేసరికి మన ఖాతాలో 107 పతకాలు. ఏడాది తిరక్కుండానే పారిస్ ఒలింపిక్స్‌లో 6. ఆటగాళ్లు చాలావరకు వాళ్లే, సమాఖ్యలూ అవే, మధ్యలో కొంపలు మునిగే మార్పేమీ జరగలేదు. మొదటిసారి "ఇంకేముంది, క్రీడల్లో కూడా అగ్రరాజ్యం అయిపోయాం" అన్నవాళ్లే రెండోసారి "140 కోట్ల మందిలో ఒక్క స్వర్ణం తెచ్చేవాడు లేడా" అని తిట్టిపోశారు. నా దృష్టిలో రెండు మాటలూ తొందరపాటే. ఏ పోటీతో దేన్ని కొలవాలో తేల్చుకోకుండా, వచ్చిన అంకెను చూసి గంతులేయడమో, నెత్తి కొట్టుకోవడమో చేస్తున్నాం.

నాలుగేళ్లకోసారి మనవాళ్లు పెద్ద బృందంతో వెళ్లే పోటీలు మూడు: ఒలింపిక్స్, ఆసియా క్రీడలు (ఏషియాడ్), ఎక్కువగా ఒకప్పటి బ్రిటిష్ పాలనలోని దేశాలు ఆడే కామన్వెల్త్ క్రీడలు. దక్షిణాసియా క్రీడల్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోవట్లేదు. 2019లో కాఠ్మాండూలో మనకి 174 స్వర్ణాలు వచ్చాయి. పోటీయే సరిగ్గా లేనిచోట కొలిచేదేముంది?

ముందుగా ఒక్క మనిషిని తీసుకుని మూడు చోట్లా చూద్దాం. మీరాబాయి చాను, వెయిట్ లిఫ్టింగ్, 49 కిలోల విభాగం. టోక్యో ఒలింపిక్స్‌లో మొత్తం 202 కిలోలు ఎత్తి రజతం గెలిచింది. మరుసటి ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో 201 ఎత్తింది, స్వర్ణం. అక్కడ రెండో స్థానంలో నిలిచిన మారిషస్ అమ్మాయి ఎత్తింది 172. అంటే 29 కిలోల తేడా! రెండు విడతల్లో మొదటిదైన స్నాచ్ అయిపోయేసరికే స్వర్ణం ఎవరిదో అందరికీ తెలిసిపోయింది. తర్వాత హాంగ్‌జౌలో తుంటి గాయంతో 191 దగ్గర ఆగిపోయి నాలుగో స్థానం. అక్కడ స్వర్ణం గెలిచిన ఉత్తర కొరియా లిఫ్టర్ ఎత్తింది 216. టోక్యోలో స్వర్ణానికి 210 సరిపోయిందని గుర్తుంచుకోండి. చివరగా పారిస్‌లో 199, ఒక్క కిలో తేడాతో కాంస్యం పోయింది.

ఇప్పుడు చెప్పండి, ఏది పెద్ద పోటీ? మహిళల వెయిట్ లిఫ్టింగ్‌లో ఆ విభాగం వరకు హాంగ్‌జౌ ఏషియాడ్ ఒలింపిక్స్‌కి ఏమాత్రం తీసిపోలేదు, చైనా, ఉత్తర కొరియా, థాయిలాండ్ అన్నీ ఆసియాలోనే ఉన్నాయి కాబట్టి. ఈ దేశాలేవీ కామన్వెల్త్‌లో లేవు. మీరాబాయి తక్కువదని చెప్పడానికి ఇదంతా రాయట్లేదు, మన చరిత్రలో గొప్ప లిఫ్టర్లలో ఆమె ఒకరు. ఆమె బర్మింగ్‌హామ్ స్వర్ణాన్నీ టోక్యో రజతాన్నీ ఒకే గంపలో వేసి లెక్కపెట్టడమే ఆమెకు చేసే అన్యాయం.

అలాగని కామన్వెల్త్ అంటే మొత్తం తేలికే అనుకుంటే అది ఇంకో పొరపాటు. పరుగుల దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. కెన్యా, జమైకా, నైజీరియా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా అన్నీ ఉండేది అక్కడే. అవినాశ్ సాబ్లే బర్మింగ్‌హామ్‌లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌ను (అడ్డంకులు, నీటి గుంట దాటుతూ పరిగెత్తే రేసు) 8 నిమిషాల 11.20 సెకన్లలో పూర్తిచేశాడు. కెన్యా అథ్లెట్ అబ్రహాం కిబివోట్ అతనికంటే 0.05 సెకను ముందు గీత దాటాడు. 1998 నుంచి అప్పటిదాకా ఆ రేసులో మూడు పతకాలూ కెన్యావే, వేరే దేశం పేరు పట్టికలో కనిపించిందే లేదు. అదే సాబ్లే హాంగ్‌జౌలో 8:19.50తో స్వర్ణం గెలిచాడు, దరిదాపుల్లో ఎవరూ లేరు. ఎనిమిది సెకన్లు నెమ్మదిగా పరిగెత్తినా ఆసియా స్వర్ణం వచ్చింది, ఎనిమిది సెకన్లు వేగంగా పరిగెత్తినా కామన్వెల్త్ స్వర్ణం రాలేదు. పట్టిక మాత్రం స్వర్ణాన్నే పైన చూపిస్తుంది. నన్నడిగితే బర్మింగ్‌హామ్ రజతమే పెద్దది, అందులో నాకు అనుమానమే లేదు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ సంగతీ అంతే. హాంగ్‌జౌలో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆమెకు రజతం వచ్చింది. అంతకుముందు ఏడాది కామన్వెల్త్‌లో ఫైనల్‌కే చేరలేదు, అక్కడ గెలిచింది ప్రపంచ రికార్డు ఉన్న నైజీరియా అమ్మాయి టోబీ అముసన్.

ఆటను బట్టి పోటీ బరువు మారుతుందని ఒప్పుకున్నాక మొత్తం బృందం సంగతి చూద్దాం. దీనికి 2010 కంటే మంచి ఏడాది దొరకదు. అక్టోబరులో ఢిల్లీ కామన్వెల్త్: 101 పతకాలు, 38 స్వర్ణాలు, ఆస్ట్రేలియా తర్వాత రెండో స్థానం. నెల తిరిగేసరికి గ్వాంగ్‌జౌ ఏషియాడ్: 65 పతకాలు, 14 స్వర్ణాలు, ఆరో స్థానం. అదే ఏడాది, అదే ఫామ్, అదే ఆటగాళ్లు. సొంతగడ్డ మీద ఆడటం వల్ల కొంత కలిసొచ్చి ఉంటుంది, కాదనను, కానీ 38కీ 14కీ మధ్య తేడాలో ఎక్కువ భాగం చైనా, కొరియా, జపాన్, కజకస్తాన్‌లదే. పైగా కామన్వెల్త్ పతకాల్లో లెక్కల మాయ కూడా ఉండేది. 2002 మాంచెస్టర్‌లో మనకి 30 స్వర్ణాలు వచ్చాయని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. అప్పట్లో అక్కడ లిఫ్టర్‌కి స్నాచ్‌కి ఒకటి, క్లీన్ అండ్ జెర్క్‌కి ఒకటి, మొత్తానికి ఒకటి చొప్పున విడివిడిగా పతకాలిచ్చేవారు, షూటింగ్‌లో జంటల విభాగాలు వేరే. రెండేళ్ల తర్వాత ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మొత్తం దేశానికి వచ్చింది ఒక్క పతకం, రాజ్యవర్ధన్ రాథోడ్ రజతం.

మరి ఒలింపిక్స్‌నే ప్రమాణంగా పెట్టుకుంటే పోలా? అక్కడ ప్రపంచం మొత్తం ఉంటుంది, దాన్ని మించిన వేదిక లేదు కదా? ఒక ఆటగాడి గొప్పదనం తేల్చడానికి అయితే అదే సరైనది, దానికి ఎదురు లేదు. రియో రజతం, టోక్యో కాంస్యం సింధుని నిలబెట్టిన చోట ఎన్ని టోర్నీలు గెలిచినా నిలబడలేం. కానీ దేశ క్రీడల ఆరోగ్యం తెలుసుకోవడానికి ఒలింపిక్ పతకాల సంఖ్య మనకి అంతగా పనికిరాదు. అంకె చాలా చిన్నది, అందుకని. 1900లో నార్మన్ ప్రిచర్డ్ గెలిచిన రెండు రజతాల్ని కలుపుకుని పారిస్ 2024 దాకా వచ్చినవి 41. అందులో 10 స్వర్ణాలు. ఆ పదిలో ఎనిమిది హాకీవి. మిగిలిన రెండూ అభినవ్ బింద్రావి, నీరజ్ చోప్రావి.

ఈ హాకీ స్వర్ణాలు మనల్ని ఎంతకాలం ఏమార్చాయో చూస్తే బాధేస్తుంది. 1928 ఆమ్‌స్టర్‌డాం నుంచి 1956 మెల్‌బోర్న్ దాకా వరుసగా ఆరు గెలిచాం, మహా గొప్ప విషయం, కానీ ఆ వెలుగులో మిగతా ఆటలన్నీ చీకట్లో ఉండిపోయిన సంగతి కనబడలేదు. స్వతంత్ర భారతానికి తొలి వ్యక్తిగత పతకం 1952లో కె.డి. జాధవ్ తెచ్చిన కాంస్యం. రెండోది 1996లో లియాండర్ పేస్‌ది. మధ్యలో 44 ఏళ్లు! హాకీ కూడా జారిపోయాక, 1984, 1988, 1992 మూడు ఒలింపిక్స్‌లోనూ సున్నా.

చిన్న అంకెకి ఇంకో చిక్కుంది: వెంట్రుకవాసి తేడాలు దాన్ని తలకిందులు చేస్తాయి. 1984 లాస్ ఏంజెలెస్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్ కాంస్యం పోగొట్టుకుంది సెకనులో నూరో వంతు తేడాతో. ఆమెకు ఆ నూరో వంతు కలిసొచ్చి ఉంటే మన అథ్లెటిక్స్ వ్యవస్థ రాత్రికి రాత్రి బాగుపడి ఉండేదా? సిడ్నీలో మన శ్రీకాకుళం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. స్వర్ణం గెలిచిన చైనా లిఫ్టర్‌ది 242.5. పారిస్‌లో మనవాళ్లు ఆరు ఈవెంట్లలో నాలుగో స్థానంలో ఆగిపోయారు. అందులో సగం అటు తిరిగినా 6 కాస్తా 9 అయ్యేది, టీవీ చర్చలన్నీ వేరే రకంగా నడిచేవి. దేశం మాత్రం అదే దేశం.

అందుకే నా ఓటు ఏషియాడ్‌కి. మన ఎదుగుదలా, మన పతనమూ దాచకుండా చూపించింది అదొక్కటే. 1951లో ఢిల్లీలో తొలి ఏషియాడ్ మనమే పెట్టాం, 11 దేశాలొచ్చాయి, 15 స్వర్ణాలతో జపాన్ తర్వాత రెండో స్థానం. తర్వాత చైనా 1974లో అడుగుపెట్టింది, సోవియట్ యూనియన్ విడిపోయాక కజకస్తాన్, ఉజ్బెకిస్తాన్ 1994లో వచ్చి చేరాయి, కుస్తీ, బాక్సింగ్ ఒక్కసారిగా కష్టమైపోయాయి. 1982లో మళ్లీ ఢిల్లీకే వచ్చినప్పుడు 13 స్వర్ణాలు వచ్చాయి గానీ హాకీ ఫైనల్లో పాకిస్తాన్ 7-1తో చితక్కొట్టింది. 1986 సియోల్‌లో దేశానికి 5 స్వర్ణాలొస్తే నాలుగింటిలో ఉష ఉంది. 1990 బీజింగ్‌లో ఒకే ఒక్క స్వర్ణం, అదీ అప్పుడే కొత్తగా చేర్చిన కబడ్డీలో. ఎంత దిగజారామో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? అక్కడి నుంచి 28 స్వర్ణాల దాకా వచ్చాం.

ఫుట్‌బాల్ సంగతి చెప్పకుండా ఏషియాడ్ గురించి రాయడం నా వల్ల కాదు. 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం గురించే అందరూ చెబుతారు, నాకు మాత్రం 1962 జకార్తా స్వర్ణమే పెద్దదనిపిస్తుంది. కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం, అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదన్న గొడవలో మనదేశ ప్రతినిధి జి.డి. సోంధీ నోరెత్తినందుకు జకార్తా జనం మన ఆటగాళ్ల మీద కత్తులు నూరుతున్నారు. లీగ్ దశలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. తలకి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీం సాబ్ ఫార్వర్డ్‌గా ఆడించారు. మొదటి 20 నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టేశారు, 2-1తో గెలిచాం. మరుసటి ఏడాదే రహీం కన్నుమూశారు. ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకి స్వర్ణం రాలేదు.

ఏషియాడ్ అంకెల్ని కూడా కళ్లు మూసుకుని నమ్మొద్దు. హాంగ్‌జౌ 28 స్వర్ణాల్నే విప్పి చూద్దాం. అందులో కబడ్డీ 2, క్రికెట్ 2, స్క్వాష్ 2, కాంపౌండ్ ఆర్చరీ (కప్పీలున్న విల్లుతో ఆడేది) 5; పారిస్ ఒలింపిక్స్‌లో ఇవేవీ లేవు. షూటింగ్‌లో వచ్చిన 7లో 5 టీమ్ విభాగాలవి, అవీ అక్కడ లేవు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 12. పారిస్‌తో పోల్చాలంటే ఆ 12ని పట్టుకుని పోల్చండి, అప్పుడు అంత పెద్ద షాక్ ఉండదు. అయినా తీసేసినవన్నీ పనికిరానివి అనడానికి నాకు నోరు రాదు. విజయవాడ జ్యోతి సురేఖ కాంపౌండ్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. ఆ విభాగం ఒలింపిక్స్‌లో ఇన్నాళ్లూ లేకపోవడం ఆమె తప్పా? 2028లో మిక్స్‌డ్ టీమ్ చేరుతోంది, ఇన్నేళ్లకి. ఇక సాత్విక్, చిరాగ్‌ల డబుల్స్ స్వర్ణం చూడండి. ఏషియాడ్ చరిత్రలో మన బ్యాడ్మింటన్‌కి అదే మొదటిది. బ్యాడ్మింటన్‌లో చైనా, ఇండోనేషియా, జపాన్, కొరియా, మలేసియా అన్నీ ఒకే డ్రాలో ఉంటే ఒలింపిక్స్‌కి దానికి తేడా ఎంత? అదే జంట బర్మింగ్‌హామ్‌లో గెలిచిన కామన్వెల్త్ స్వర్ణాన్ని దీని పక్కన పెట్టలేం.

2026లో రెండూ వరసగా ఉన్నాయి: జులైలో గ్లాస్గో కామన్వెల్త్, సెప్టెంబరులో జపాన్‌లోని ఐచి-నగోయా ఏషియాడ్. గ్లాస్గోని ఖర్చు తగ్గించుకోవడానికి పది క్రీడలకి కుదించారు. హాకీ, బ్యాడ్మింటన్, కుస్తీ, షూటింగ్, టేబుల్ టెన్నిస్ ఏవీ లేవు. కాబట్టి అక్కడ మన పతకాల సంఖ్య ఎంతొచ్చినా పాత వాటితో పోల్చకండి, దానికి అర్థమే లేదు. అథ్లెటిక్స్ మాత్రం వదలకుండా చూడండి. అక్కడ ఎవరైనా మనవాళ్లు ఫైనల్లో ఐదో స్థానంలో వచ్చినా రాసిపెట్టుకోదగ్గదే. లిఫ్టింగ్ కోసం అయితే నగోయా దాకా ఆగండి. 2030లో అహ్మదాబాద్ కామన్వెల్త్‌కి మనమే ఆతిథ్యం ఇస్తున్నాం, ఢిల్లీ 2010 లాగా వంద పతకాల పోస్టర్లు అప్పుడూ పడతాయి. అవి చూసినప్పుడు ఆ ఏడాదే జరిగే దోహా ఏషియాడ్‌లో ఎన్నొచ్చాయో కూడా పక్కన పెట్టుకుని చూడండి.