స్తూపం ఫొటో: వర్ధంతి రోజు మేలా, మామూలు రోజు మేలా?

నల్లగొండ వైపు ఊళ్లలో తెలంగాణ సాయుధ పోరాట అమరవీరుల స్తూపాలను ఫొటో తీసేవాళ్లు ఎక్కువగా వర్ధంతికో, 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17కో వెళ్తారు. జనం ఉంటారు, జెండాలుంటాయి, ఫొటో నిండుగా వస్తుంది. కాదనను. 1946 జులై 4న ఆ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి లాంటి చోట వర్ధంతికి ఎవరెవరొచ్చారు, ఎవరు ముందు నిలబడ్డారు అన్నదీ చరిత్రే. ఇక సెప్టెంబర్ 17 సంగతి చెప్పేదేముంది? ఒక ఫ్లెక్సీ మీద విమోచనం, ఇంకోదాని మీద విలీనం, మరోదాని మీద సమైక్యత. ఆ పంచాయితీ ఫొటోలో పడాలంటే ఆ రోజే వెళ్లాలి.

కాకపోతే ఆ రోజు కనపడనిది స్తూపం ఒక్కటే. మైకు సెట్టు, నాయకులు, వాళ్ల వెనక ఇంకొందరు నాయకులు. ఫలకం మీద పేర్లు చదువుదామంటే బంతిపూల దండ అడ్డం.

మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడి, చెక్కిన అక్షరాల్లో నీడ నిలుస్తుంది. రంగు మీద రంగు వేసీ వేసీ పూడుకుపోయిన పేర్లు కూడా అప్పుడు చదవొచ్చు. మిట్టమధ్యాహ్నం అదే ఫలకం మీద ఏమీ తేలదు. నున్నటి నల్లరాయి అయితే అందులో మీ బొమ్మే పడుతుంది. కాస్త పక్కకు జరిగి, ఎవరితోనైనా రాయికి ఎదురుగా నల్ల దుప్పటి పట్టించండి. గద్దె మీద వడ్లు ఆరబోసి ఉంటే తీసేయమనకండి. స్తూపంతో ఊరు ఎలా బతుకుతోందో అక్కడే తెలుస్తుంది.

కెమెరానా, ఫోనా అన్న టెన్షన్ అక్కర్లేదు. ఫోన్ చాలు.

ఒక్కసారే వెళ్లగలిగితే నా ఓటు మామూలు రోజుకే. సభ ఫొటోలు ఎలాగూ అందరి ఫోన్లలో ఉంటాయి, పేర్ల ఫొటో ఎవరి దగ్గరా ఉండదు. నిజాం పక్షాన నిలిచిన సాయుధ మూక రజాకార్ల చేతిలో చనిపోయినవాళ్ల స్తూపం ఉన్న గుండ్రాంపల్లి విజయవాడ హైవే మీదే, చిట్యాల దగ్గర. ఆ దారిన పోయేటప్పుడు కాసేపు బండి ఆపితే చాలు.

వీలుంటే ఇంకో దారి ఉంది: వర్ధంతి మర్నాడు పొద్దున. దండలు పూర్తిగా వాడిపోవు, జెండాలు ఇంకా దించరు, జనం మాత్రం ఉండరు. పేర్ల కోసం దండ జరపాల్సి వస్తే ఊళ్లో పెద్దవాళ్లను అడిగి జరపండి. ఫొటో కింద ఊరు, మండలం, తేదీ రాసిపెట్టుకోండి. 2016లో జిల్లాలు విడదీశాక కడవెండి జనగామ జిల్లాలోకి పోయింది కాబట్టి పాత జిల్లా పేరు కూడా చేర్చండి.