ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్: నలుగురం, తొమ్మిది రోజులు, ఒక రైస్ కుక్కర్

నేను జర్మనీలోని కెమ్నిట్జ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. పరీక్షలు అయిపోయి కొత్త సెమిస్టర్ మొదలయ్యేలోపు మార్చి చివర్లో కొన్ని రోజులు ఖాళీ దొరికాయి. జర్మనీ రెసిడెన్స్ కార్డు ఉంటే మిగతా షెంగెన్ దేశాలకు (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) వేరే వీసా అక్కర్లేదు, 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు. ఇంకేం, నలుగురం బయల్దేరాం. నేను, వరంగల్ నుంచి వచ్చిన మా రూమ్మేటు, ఇద్దరు అమ్మాయిలు. వాళ్లలో ఒకరిది గుంటూరు, ఒకరిది నెల్లూరు. వెళ్లేముందు మా లెక్కలో నచ్చబోయేవాటిలో వియన్నా ఫస్టు, ప్రాగ్ తర్వాత, బుడాపెస్ట్ ఎలాగూ అటువైపుదే కదా అని. వచ్చేసరికి వరస తిరగబడింది.

ప్రాగ్‌లో చార్లెస్ బ్రిడ్జి చూడాలంటే పొద్దున ఆరింటికే వెళ్లండి. 1357లో మొదలుపెట్టి కట్టిన వంతెన, 516 మీటర్ల పొడవు, రెండు పక్కలా కలిపి 30 విగ్రహాలు. ఆ వేళప్పుడు మంచులో నలుగురైదుగురు తప్ప ఎవరూ లేరు, ఒక్కో విగ్రహం దగ్గర ఆగి చూశాం. పదింటికి మళ్లీ అటు వస్తే కోఠీలో ఆదివారంలా ఉంది. 1410 నాటి ఖగోళ గడియారం దగ్గర అరగంట మెడలెత్తి నిలబడ్డాం. గంట కొట్టే టైముకి అస్థిపంజరం గంట లాగుతుంది, పైన కిటికీల్లో అపొస్తలుల (ఏసు శిష్యుల) బొమ్మలు వరసగా తొంగిచూసి వెళ్లిపోతాయి. నిమిషంలో అయిపోయింది. "ఇంతేనా?" అంది నెల్లూరు అమ్మాయి. ఆ గుంపులో పర్సులు మాత్రం జాగ్రత్త.

అసలు దెబ్బ డబ్బు మార్చుకునే చోట తగిలింది. చెక్ దేశంలో యూరో కాదు, కొరూనా. మావాడు పాతబస్తీ చౌరస్తా పక్కనున్న ఒక కౌంటర్లో వంద యూరోలు ఇచ్చేశాడు. ఇంచుమించు 2,500 కొరూనాలు రావాల్సింది, చేతికి 1,700 వచ్చాయి. బోర్డు మీద పెద్దక్షరాల్లో కనిపించింది వాళ్లు యూరోలు అమ్మే రేటు, మన దగ్గర కొనే రేటు వేరే. మొహం వేలాడేసుకుని హాస్టల్‌కి వస్తే రిసెప్షన్‌లో కుర్రాడు రసీదు చూసి, "మూడు గంటలు దాటలేదుగా, పరుగెత్తండి" అన్నాడు. 2019 నుంచి అక్కడ చట్టం ఉంది: వెయ్యి యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోపు రద్దు చేసుకోవచ్చు, రసీదు ఉంటే చాలు. పరుగెత్తాం. కౌంటర్లో ఆవిడ ఒక్క ముక్క మాట్లాడకుండా వంద యూరోలూ లెక్కపెట్టి ఇచ్చేసింది. ఆ తర్వాత అంతా కార్డే. ఏటీఎం "మీ కరెన్సీలోకి మార్చనా" అని అడిగితే వద్దనే నొక్కాలి, ఇదీ ఆ కుర్రాడు చెప్పిందే. ఎనిమిది బెడ్ల గది, గీజరు సరిగా పనిచేయదు, అయినా ఆ హాస్టల్‌కి నా మార్కులు ఎక్కువే.

అక్కణ్ణుంచి వియన్నాకి రైల్లో నాలుగు గంటలు. ఇక్కడ హాస్టళ్ల రేట్లు చూసి ఊరి చివర చిన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. అదే మంచిదైంది, కుక్కర్ పెట్టుకోవచ్చు కదా. పులిహోర పేస్టు, గోంగూర పచ్చడి ఇంటి నుంచి వచ్చినవే. కాకపోతే మేం దిగింది ఆదివారం, సూపర్‌మార్కెట్లన్నీ మూత, పెరుగు కోసం పెద్ద రైల్వే స్టేషన్ దాకా వెళ్లాల్సొచ్చింది. నీళ్ల సీసాలు మాత్రం కొనకండి, కుళాయిల్లో వచ్చేది ఆల్ప్స్ ఊటనీరే, 1873 నుంచి అలాగే తెస్తున్నారు. షాన్‌బ్రున్ రాజభవనంలో 1,441 గదులట, చూపించేవి నలభై దాకా. మూడో గదికే బంగారు పూత విసుగొచ్చింది. తోట ఉచితం, గుట్టెక్కితే ఊరంతా కనిపిస్తుంది. మళ్లీ వెళితే తోటతోనే సరిపెడతాను.

వియన్నాకి వెళ్లిన డబ్బు వసూలైంది స్టేట్ ఒపెరాలో, అదీ నిలబడి చూసే టికెట్‌తో. సీటు ధరలో అది ఏ మూలకీ రాదు. లోపలికి వెళ్లగానే మన చోటు దగ్గర కడ్డీకి ఏదైనా గుడ్డ కట్టేస్తే అది మనదే, ఎవరూ ముట్టరు. అందరూ మఫ్లర్లు కడుతుంటే గుంటూరు అమ్మాయి తన చున్నీ కట్టింది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం మనకి కొత్తా! ముందు చిన్న తెరమీద పాట అర్థం ఇంగ్లిష్‌లో వస్తుంది. మూడు గంటలు కాళ్లు పీకాయి, మావాడు రెండో అంకంలో మెట్లమీద కూర్చుండిపోయాడు. నేను కదల్లేదు.

బుడాపెస్ట్ గురించి పెద్దగా ఏమీ ఆశించలేదు. సేచెనీ స్నానాల భవనానికి పొద్దున్నే వెళ్లాం. 1913లో తెరిచిన పసుపురంగు భవనం, లోపల ఆరుబయట పెద్ద కొలను. భూమిలోంచి 74, 77 డిగ్రీల్లో పైకొచ్చే నీళ్లని చల్లార్చి వదులుతారు. బయట చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి, మెడదాకా వేడినీళ్లు, ఎదుటి మనిషి కనపడనంత ఆవిరి. ఆ ఆవిర్లో నీళ్లలోనే నిలబడి చెస్ ఆడుతున్న ముసలాళ్లు. ఒకాయన నన్ను చూసి బల్ల వైపు తల ఊపాడు, నేను పదిహేను ఎత్తుల్లో ఓడిపోయాను. తువ్వాలు, చెప్పులు మనవే పట్టుకెళ్లాలి, అక్కడ తీసుకుంటే దండగ.

సాయంత్రం పార్లమెంటు పక్కన డాన్యూబ్ ఒడ్డున స్మారకంగా పెట్టిన ఇనుప చెప్పుల జతలు చూశాం. 1944-45లో యూదుల్ని అక్కడ నిలబెట్టి, జోళ్లు విప్పించి, కాల్చి నదిలో పడేశారు. వాటిలో పసిపిల్లలవీ ఉన్నాయి. అప్పటిదాకా సెల్ఫీలంటూ తిరిగినవాళ్లం, ఎవరం ఫోన్ తీయలేదు.

ఇక్కడ హాస్టల్ మాత్రం పెద్ద పొరపాటు. చవగ్గా ఉందని ఊళ్లో ఏడో వార్డులో తీసుకున్నాం, అది పబ్బుల పేట. శుక్రవారం రాత్రి తెల్లారేదాకా కిటికీ కింద పాటలు. రెండు మెట్రో స్టాపులు అవతల తీసుకుంటే హాయి. ఇక్కడి ఒకటో లైను 1896 నాటిది, బొమ్మ రైల్లా ఉంటుంది. ఎక్కేముందు టికెట్ మీద ముద్ర వేయించుకోండి, మెట్ల దగ్గరే చెకింగ్ ఉంటుంది.

తిరుగు ప్రయాణం రాత్రి బస్సులో. తెల్లవారుజామున మూడింటికి జర్మనీ సరిహద్దులో పోలీసులు ఎక్కి పాస్‌పోర్టులు అడిగారు. రెసిడెన్స్ కార్డొక్కటే సరిపోదు, ఒరిజినల్ పాస్‌పోర్టు కూడా చేతిలో ఉండాలి. మావాడిది డిక్కీలో, సూట్‌కేసు అడుగున. బస్సంతా చూస్తుండగా చలిలో డ్రైవర్ డిక్కీ తెరిచాడు. మావాడు సూట్‌కేసు రోడ్డుమీదే విప్పి ముందు కుక్కర్ తీశాడు, తర్వాత గోంగూర సీసా తీశాడు. పాస్‌పోర్టు కుక్కర్ లోపల ఉంది.