ఫీడ్ పంపు మీది చేతి ప్రైమర్: చాన్నాళ్లు వాడాక

ట్రాక్టర్‌కు డీజిల్ పైపుల్లో ఎయిర్ పట్టినప్పుడు సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దించేసుకోవడం కంటే, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగి ఫిల్టర్లకు పంపేది) మీదుండే ఈ నొక్కుడు ప్రైమర్ ఎంతో నయం. కాకపోతే గాలి తీసే ఈ సామానే ఒక్కోసారి గాలిని లోపలికి లాగుతుంది.

ముందు ట్యాంకు కాక్ తెరవాలి. ప్రైమర్ పిడి మర విప్పి, మొదటి ఫిల్టర్ మీది బ్లీడింగ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) ఒకటి రెండు చుట్లు వదులు చేసి నొక్కుతూ పోవాలి. మొదట నురగ, తర్వాత బుడగలు, చివరికి తీగలా డీజిల్. అలా కారుతుండగానే స్క్రూ బిగించెయ్యాలి. తర్వాత రెండో ఫిల్టర్, ఆపైన ఇంజెక్షన్ పంపు (ఇంజెక్టర్లకు ఒత్తిడితో డీజిల్ పంపేది) స్క్రూ. వరస తప్పితే వెనక మిగిలిన గాలి మళ్లీ ముందుకొస్తుంది, పని మొదటికొస్తుంది. ఫిల్టర్ మార్చినప్పుడైతే ఖాళీ గిన్నె నిండాలి గనక చెయ్యి నొప్పెట్టేదాకా నొక్కాల్సిందే.

అయినా స్టార్ట్ కాకపోతే ఇంజెక్టర్ల (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) దగ్గర పైపు నట్లు అర చుట్టు వదిలి, స్టాప్ పిడి లోపలికి తోసి, యాక్సిలరేటర్ పూర్తిగా ఇచ్చి సెల్ఫ్ కొట్టాలి. ఒక్కసారికి 10 సెకన్లు చాలు, మధ్యలో ఓ నిమిషం ఆగాలి. చిమ్మే చోట వేలు పెట్టకూడదు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది. కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే) ఇంజన్‌లో ఆ నట్లు అసలు ముట్టుకోవద్దు.

ఇక దీని లోపం. పని అయ్యాక పిడి మర గట్టిగా బిగించకపోయినా, లోపలి ఓ-రింగ్ (రబ్బరు వలయం) ఎండిపోయినా అక్కడినుంచే గాలి పీలుస్తుంది. ట్యాంకు వైపు లీకు బొట్టు కూడా కారదు, అందుకే దొరకదు. ఫీడ్ పంపుకు ముందు జానెడు పారదర్శక పైపు వేసి ఇంజన్ నడిపితే తెలిసిపోతుంది: అందులో బుడగలుంటే తప్పు ట్యాంకు వైపుది. అక్కడ లేకుండా ఫిల్టర్ స్క్రూ దగ్గర మాత్రమే వస్తుంటే ప్రైమర్‌నే అనుమానించాలి. స్క్రూల కింది రాగి వాషర్లు అణిగిపోతే కొత్తవి వెయ్యాలి. లీకు ఆపడానికి స్క్రూ మీద పానాతో బలం చూపిస్తే మర పోతుంది.

నొక్కుడు ప్రైమర్ బదులు మీట ఉండే డయాఫ్రం (లోపల రబ్బరు పొర ఆడే) ఫీడ్ పంపుల్లో మీట వదులుగా ఆడుతూ డీజిల్ రాకపోతే పంపు చెడిందనుకోకండి. పంపును నడిపే క్యామ్ (ఇంజన్‌తో తిరిగే ఉబ్బు చక్రం) ఎత్తు మీద ఆగింది, ఇంజన్‌ను ఒక చుట్టు తిప్పితే సరి. పైపు మధ్యలో చేత్తో పిసికే రబ్బరు బల్బు తగిలించుకోవడం తేలికే గానీ ఇంజన్ వేడికి గట్టిపడుతుంది, పైగా గాలి లాగడానికి మరో రెండు అతుకులు పెరుగుతాయి. వేస్తే బాణం గుర్తు ఇంజన్ వైపు ఉండాలి.