గ్రోత్ హార్మోన్ పెన్ను: ఆపేసిన దాదాపు పదేళ్లకు ఒక కిడ్నీ రిపోర్టు

8వ ఏట మొదలుపెట్టి 16 నిండేదాకా రోజూ రాత్రి, పెన్నులాంటి పరికరంతో వేయించుకున్న ఎదుగుదల హార్మోన్ సూది ఇది. ఎత్తు సంగతి అందరూ రాస్తారు, నేను రాయను. ఇప్పుడు నాకు 26. నా కోపమంతా క్రియాటినిన్ అనే ఒక్క అంకె మీద. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూడటానికి రక్తంలో కొలిచేది అది.

మాది నల్లగొండ. పొట్టిగా ఉన్నానంటే ముందు అందరూ ఫ్లోరైడ్ నీళ్లనే తిట్టారు. ఎదుగుదల హార్మోన్ తయారుచేసే పిట్యూటరీ గ్రంథి (మెదడు కింద ఉంటుంది) సంగతి హైదరాబాద్ వెళ్తే గాని తేలలేదు. ఆ ఎనిమిదేళ్లూ అమ్మే పెన్ను బొత్తం నొక్కి, పది లెక్కపెట్టి సూది తీసేది.

కిందటేడు ఉద్యోగం కోసం పరీక్షలు చేయించుకుంటే క్రియాటినిన్ 1.4 అని వచ్చింది, పక్కన హద్దు దాటిందని నక్షత్రం గుర్తు. ల్యాబులో ఉన్నాయన "చిన్నప్పుడు హార్మోన్ సూదులా? అందుకే" అనేశాడు. ఆ ఒక్క "అందుకే"తో ఇంట్లో పది రోజులు ఎవరికీ అన్నం సహించలేదు. అమ్మ పాత చీటీలన్నీ మంచం మీద పరుచుకుని, తానే నాకు విషం ఎక్కించినట్టు కూర్చుంది.

కిడ్నీ డాక్టరు మాత్రం రిపోర్టు కంటే ముందు నా భుజాలు చూశారు. "జిమ్‌కు వెళ్తావా? ముందురోజు ఏం తిన్నావు?" మేనమామ ఇంట్లో మటన్, అదీ రెండుసార్లు వడ్డించుకుని. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుందట, వండిన మాంసం తిన్నా కొన్ని గంటలు పెరుగుతుందట. కిడ్నీల పనితీరే చెప్పే, కండతో పెద్దగా ముడిపడని సిస్టాటిన్-సి అనే రక్తపరీక్ష రాశారు, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందా అని చూశారు. రెండూ మామూలే. మాంసం మాని మళ్లీ చేయిస్తే క్రియాటినిన్ 1.2. కిడ్నీ జబ్బు వల్ల ఎదగని పిల్లలకూ ఇదే హార్మోన్ ఇస్తారని ఆయన చెప్పాకే అమ్మ ఆ చీటీలు మడిచింది.

ఇదివరకు ఈ మందు గురించి "ఏ ఇబ్బందీ లేదు" అని రాశాను. ఆ మాట కాస్త తగ్గించుకుంటున్నాను. కోర్సు ముగిసిన రోజు ఎత్తు కొలిచి, ఎముకల ఎక్స్‌రే చూసి పంపించేశారు. నాటి క్రియాటినిన్, బీపీ ఎంతో రాసిన కాగితం ఒక్కటీ లేదు. అది ఉంటే పోల్చి చూసుకునేవాళ్లం, ఆ పది రోజులు మిగిలేవి.

మందు మంచిదే అంటాను, నా మటుకు. నాకు మొదటి నుంచీ బీపీ లేదు, కిడ్నీల్లో లోపం లేదు, రాసిన మోతాదు ఎన్నడూ దాటలేదు. ఒకే కిడ్నీతో పుట్టిన పిల్లలకు నా అనుభవం కొలబద్ద కాదు.

ఏడాదికోసారి పరీక్ష చేయించుకోమన్నారు. ముందురోజు మా ఇంట్లో పప్పే.